కథ మలుపు ఆటగాడి చేతిలో.. మరి ‘కాదు’ అనే హక్కు ఎవరిది?

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లును 2025 ఆగస్టు 20న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆమోదించాయి. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో అది చట్టమైంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశవ్యాప్తంగా నిషేధించిన ఈ చట్టం, వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది. ఈ-స్పోర్ట్స్‌ను, సోషల్ గేమ్‌లను మాత్రం ప్రోత్సహించాలంటోంది. తెలుగు రాష్ట్రాలకు ఇది పూర్తిగా కొత్త విషయమేమీ కాదు. ఆన్‌లైన్ జూదాన్ని అడ్డుకునేందుకు 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించుకున్నాయి.

బిల్లు వచ్చినప్పుడు చర్చంతా డబ్బు, వ్యసనం, అప్పులు, పన్నులు, ఉద్యోగాల చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమే. అయితే గేమ్ అంటే పేకాట, ఫాంటసీ క్రికెట్ మాత్రమే అనుకుంటే చాలా వదిలేసినట్టే. నవలలా, సీరియల్‌లా గంటల తరబడి సాగే కథా గేమ్‌లు ఇప్పుడు కోట్ల మంది ఆడుతున్నారు. వీటిలో కథ ఒకే దారిలో నడవదు. సంభాషణలో ఏ జవాబు ఎంచుకున్నారు, ఎవరిని కాపాడారు, ఎవరిని వదిలేశారు అన్నదాన్ని బట్టి దారులు చీలుతూ పోతాయి. ముగింపు ఆటగాడి నిర్ణయాల మీద ఆధారపడుతుంది.

ఈ గేమ్‌ల ప్రచారం ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది: నిర్ణయం మీదే, కథ మీదే. ఆ మాటకు ఇంకో వైపు కూడా ఉంది. నిర్ణయం ఒకరిది అయినప్పుడు, ఆ నిర్ణయాన్ని భరించే పాత్రకు కథలో ఏం మిగిలింది? ఆమె ‘వద్దు’ అనగలదా? అంటే ఆ మాట చెల్లుతుందా? కొన్నేళ్లుగా ఈ రంగంలో మంచి పనితనం ఎక్కడ కనిపించినా, అది ఈ ప్రశ్నతో తలపడిన చోటే కనిపించింది.

చీలినట్టే చీలి మళ్లీ కలిసే దారులు

కొమ్మలుగా చీలే కథ రాయడం ఖరీదైన పని. ఒక్కో చోట రెండే దారులు ఇచ్చినా, పది మలుపులు తిరిగేసరికి వెయ్యికి పైగా కథలు రాయాలి, వాటికి నటులతో మాటలు చెప్పించాలి, బొమ్మలు గీయాలి. ఏ సంస్థా అంత ఖర్చు పెట్టుకోలేదు. అందుకే దారులు కాసేపు విడిపోయి మళ్లీ ఒకచోట కలుస్తాయి.

2012లో టెల్‌టేల్ గేమ్స్ ఐదు భాగాలుగా విడుదల చేసిన ‘ది వాకింగ్ డెడ్’ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మొదటి భాగంలో డగ్, కార్లీ అనే ఇద్దరిలో ఒక్కరినే కాపాడే వీలుంటుంది. ఆటగాళ్లు ఆ క్షణంలో నిజంగానే విలవిల్లాడారు. కానీ ఎవరిని కాపాడినా, మూడో భాగానికి వచ్చేసరికి ఆ మనిషి కూడా చనిపోతాడు. కథ మళ్లీ అదే రోడ్డెక్కుతుంది.

‘మా ఎంపికకు విలువ లేదు’ అని ఆటగాళ్లు అప్పట్నుంచీ ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. పదేళ్లకు పైగా ఈ రంగంలో విమర్శ ఎక్కువగా ఈ ఫిర్యాదు చుట్టూనే సాగింది. అది వినియోగదారుడి ఫిర్యాదు. కొన్న సరుకు చెప్పినంత లేదన్న బాధ. కథలోని ఇతర పాత్రల వైపు నుంచి చూస్తే సమస్య వేరేగా కనిపిస్తుంది. ఆటగాడికి తప్పుడు ఎంపికైనా ఉంది. డగ్‌కూ కార్లీకీ అదీ లేదు.

నెట్‌ఫ్లిక్స్ 2018 డిసెంబరులో విడుదల చేసిన ‘బ్లాక్ మిర్రర్: బ్యాండర్‌స్నాచ్’ ఈ సంగతినే కథా వస్తువుగా తీసుకుంది. ప్రేక్షకుడు రిమోట్‌తో నిర్ణయాలు తీసుకుంటుంటే, తెర మీది యువకుడు స్టెఫాన్‌కు తనను ఎవరో బయటి నుంచి ఆడిస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది. ఒకచోట తన చేతిని తానే బలంగా ఆపుకుంటాడు. ప్రేక్షకుడు కోరిన పనికి పాత్ర అడ్డం తిరిగిన ఆ కొన్ని క్షణాలే ఆ చిత్రంలో అన్నిటికన్నా కలవరపెట్టేవి.

మార్కులు వేసి గెలుచుకునే ప్రేమ

ఆటగాడికీ పాత్రకూ మధ్య ఉన్న అసమానత మామూలుది కాదు. ఆటగాడికి అన్ని జవాబులూ ముందే మెనూలో కనిపిస్తాయి. తప్పు జరిగితే సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లవచ్చు. ఒక జవాబుకు ఆమె కోప్పడితే, రీలోడ్ చేసి ఇంకో జవాబు ఇవ్వవచ్చు. కోప్పడిన సంగతి ఆమెకు గుర్తుండదు, ఆటగాడికి మాత్రం గుర్తుంటుంది. అవతలి మనిషి జ్ఞాపకాన్ని చెరిపేయగలిగిన శక్తి ఒక్కరి చేతిలోనే ఉన్న సంబంధం ఇది.

దీనికి తోడు మెప్పు మీటర్లు. చాలా కథా గేమ్‌లలో తోటి పాత్రల అభిమానం అంకెల్లో ఉంటుంది. నచ్చే మాట చెబితే పెరుగుతుంది, నచ్చనిది చెబితే తగ్గుతుంది. 2016లో వచ్చి ప్రపంచమంతా ఆదరించిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’లో ఊళ్లో ఒకరిని ప్రేమించాలంటే వారికి ఏది ఇష్టమో కనుక్కుని వారానికి రెండుసార్లు బహుమతులు ఇస్తూ పోవాలి. గుండె గుర్తులు నిండుతాయి. నిర్ణీత సంఖ్య దాటాక పూలగుత్తి ఇవ్వవచ్చు, ఆ తర్వాత పెళ్లి. ఆ గేమ్ మృదువైనది, ఎవరినీ నొప్పించాలన్న ఉద్దేశం దానికి లేదు. కానీ ఆ లెక్కలో ఒక భావం దాగి ఉంది: ఓపిగ్గా ఇస్తూ పోతే అవతలివారు ఒప్పుకుని తీరతారు.

ఈ భావం తెలుగు ప్రేక్షకులకు కొత్తది కాదు. కథానాయిక కాదన్నా వెంటపడి, పాట పాడి, ఫైట్ చేసి, చివరికి ‘ఊ’ అనిపించుకునే కథానాయకుణ్ని మన సినిమా దశాబ్దాలుగా చూపిస్తూనే ఉంది. అక్కడ ‘కాదు’ అన్న మాటకు అర్థం ‘ఇంకా కాదు’ అని మాత్రమే. గేమ్‌లో అదే లెక్క ప్రోగ్రామ్ అయ్యింది. సినిమాలో హీరో చేసే పనిని ప్రేక్షకుడు చూస్తాడు. గేమ్‌లో ఆ పని తానే చేస్తాడు, దానికి ఫలితం కూడా తానే అందుకుంటాడు.

మొబైల్‌లో దొరికే కథా యాప్‌లు దీనికి డబ్బును కూడా జోడించాయి. ‘చాయిసెస్’ వంటి యాప్‌లలో ఆకర్షణీయమైన ఎంపికలకు పక్కనే వజ్రం గుర్తు ఉంటుంది. వజ్రాలు అయిపోతే కొనుక్కోవాలి, లేదంటే సాదాసీదా జవాబుతో సరిపెట్టుకోవాలి. కథలో చొరవ చూపే అవకాశం జేబులో డబ్బును బట్టి మారిపోతుంది. బెట్టింగ్ లేకున్నా ఆటలో డబ్బు ఉంటుందని, అది కథనే మలుస్తుందని ఈ నమూనా చూపిస్తోంది.

ఒక కాటు, ఒక మందు సీసా

ఈ లెక్కను లోపలి నుంచే తిరగేసిన గేమ్ ‘బాల్డర్స్ గేట్ 3’. బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో దీన్ని పూర్తిస్థాయిలో విడుదల చేసింది. ఆ ఏడాది ‘ది గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. అందులో ఆస్టేరియన్ అనే పాత్రకు నటుడిగా ప్రాణం పోసిన నీల్ న్యూబన్‌కు అదే వేదికపై ఉత్తమ నటన అవార్డు దక్కింది.

ఆస్టేరియన్ రక్తపిశాచి. కజడోర్ అనే యజమాని కింద రెండు వందల ఏళ్లు బానిసగా బతికాడు. ఎవరిని వలలో వేసి తెమ్మంటే వారిని తన శరీరాన్ని ఎరగా వేసి తెచ్చాడు. ఏనాడూ ‘కాదు’ అనే అవకాశం లేనివాడు. కథ మొదలయ్యే నాటికి కొత్తగా స్వేచ్ఛ దొరికింది. తోడుగా వచ్చిన ఆటగాడితో మొదట్లో అతను ప్రేమ నటిస్తాడు. ఎదుటివారిని మచ్చిక చేసుకోవడానికి అతనికి తెలిసిన విద్య అదొక్కటే.

రెండో అంకంలో అరాజ్ అనే రక్త వ్యాపారి ఎదురవుతుంది. ఆస్టేరియన్ తనను కొరకాలన్నది ఆమె కోరిక. అందుకు ప్రతిఫలంగా శాశ్వతంగా బలం పెంచే మందు ఇస్తానంటుంది. ఆ ప్రతిపాదన అతనికి ఇష్టం లేదు. కానీ మందు కావలసింది ఆటగాడికి. ‘నీ ఇష్టం’ అని అతనికే వదిలేస్తే వద్దంటాడు, మందు దక్కదు. బలవంతపెడితే మందు చేతికొస్తుంది. ఆ తర్వాత అతను ఆ సంగతి ఎత్తుతాడు. మళ్లీ తనను వాడుకున్నారన్న బాధ బయటపడుతుంది. అతని పక్షాన నిలబడిన ఆటగాడికి మాత్రం కృతజ్ఞత చెబుతాడు.

ఈ సన్నివేశం బలమంతా అందులోని ప్రలోభంలో ఉంది. ఆటగాడికి ఏ లాభమూ లేని చోట పాత్ర మాటను గౌరవించడం తేలిక. ఇక్కడ గౌరవానికి ధర ఉంది. యుద్ధంలో ప్రతిసారీ పనికొచ్చే బలాన్ని వదులుకోవాలి. ఎదుటివారి సమ్మతికి ఎంత విలువ ఇస్తావని గేమ్ ఉపన్యాసం ఇవ్వదు, బేరం పెట్టి చూస్తుంది. ఇంట్లో, ఆఫీసులో, అప్పిచ్చినవాడి ముందు సమ్మతి అనే మాట సాధారణంగా పరీక్షకు వచ్చేది కూడా ఇలాంటి బేరాల దగ్గరే.

ఇదే గేమ్‌లో షాడోహార్ట్ అనే మతసేవకురాలికి తన దేవత ఆజ్ఞ మేరకు ఒక బందీని చంపాల్సిన ఘట్టం వస్తుంది. ఆటగాడు అటో ఇటో ఒత్తిడి చేయవచ్చు. అప్పటిదాకా సాగిన ప్రయాణంలో ఆమెకు తనను తాను ప్రశ్నించుకునే చోటు దక్కి ఉంటే, ఆటగాడు మౌనంగా నిలబడినా ఆమే ఆయుధాన్ని విడిచిపెట్టగలదు. ఆటగాడు ఏమీ చేయకపోవడమే మేలైన పని అయ్యే సందర్భాలు గేమ్‌లలో అరుదు.

అమాయక శరణార్థులపై దాడికి దిగితే విల్, కార్లాక్ అనే ఇద్దరు సహచరులు బృందాన్ని వదిలి వెళ్లిపోతారు. తిరిగి రారు. వారిని మళ్లీ కొనుక్కునే బహుమతి ఏదీ లేదు. ‘నేను నీతో రాను’ అని చెప్పగలగడం ఒక పాత్రకు రచయిత ఇవ్వగల కనీస హక్కు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ హక్కు ఉన్న పాత్రలనే ఆటగాళ్లు ఎక్కువగా ప్రేమిస్తున్నారు.

బలహీనుల చేతికి బటన్ ఇచ్చినప్పుడు

ఇంకొన్ని గేమ్‌లు ఆటగాణ్నే అధికారం లేని చోట నిలబెడతాయి. ఫ్రాన్స్‌కు చెందిన క్వాంటిక్ డ్రీమ్ 2018లో విడుదల చేసిన ‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’లో కారా అనే పనిమనిషి రోబో ఉంటుంది. యజమాని టాడ్ ఆమెను కదలొద్దని ఆదేశించి, ఆలిస్ అనే పాప గదికి కోపంతో వెళతాడు. ఆదేశాన్ని పాటించి ఆటగాడు బటన్ నొక్కకుండా ఉండిపోతే పాప చనిపోతుంది, కారా కథ అక్కడితో ఆగిపోతుంది. ఆదేశాన్ని దాటడమే అక్కడ ఆమె తొలి స్వతంత్ర చర్య. కుటుంబ హింసను ఆట వస్తువుగా మార్చారని ఈ ఘట్టం ట్రైలర్‌పై 2017లో బ్రిటన్‌లో దుమారం రేగింది.

అదే గేమ్‌లో రోబోల తిరుగుబాటుకు నాయకుడు మార్కస్. అతని ప్రతి చర్యకూ మనుషుల ‘ప్రజాభిప్రాయం’ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో తెర మీద చూపిస్తారు. శాంతి మార్గంలో గెలవాలంటే ఆ మీటర్‌ను పైకి తేవాలి. హక్కులు అడిగేవారు తమను అణచినవారికి నచ్చేలా నడుచుకోవాలన్న భావం ఆ మీటర్‌లో ఉంది. అమెరికా నల్లజాతీయుల పౌరహక్కుల పోరాట చిహ్నాలను రోబోలకు తొడిగి, అసలు చరిత్రను పలుచన చేశారని విమర్శకులు ఎత్తిచూపారు. మన దగ్గర కూడా దళితుల, ఆదివాసుల పోరాటాలు ‘ఎంత మర్యాదగా’ ఉన్నాయన్న దాన్ని బట్టి వాటి న్యాయాన్ని తూచే అలవాటు ఉంది కాబట్టి, ఈ విమర్శ ఇక్కడి పాఠకులకు వెంటనే అర్థమవుతుంది.

లూకస్ పోప్ ఒంటరిగా తయారుచేసిన ‘పేపర్స్, ప్లీజ్’ (2013) దీనికన్నా నిరాడంబరమైనది, ఇంకా పదునైనది. ఆటగాడు ఒక నియంతృత్వ దేశ సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. ఎంతమందిని తనిఖీ చేస్తే అంత జీతం. తొలి రెండు తప్పులకు హెచ్చరిక, ఆ తర్వాత జీతంలో కోత. సాయంత్రం ఇంటి అద్దె, తిండి, చలికి హీటర్, మందులు లెక్క చూసుకోవాలి. ఒకరోజు ఒక భర్త అన్ని కాగితాలతో వస్తాడు, తన వెనకే వస్తున్న భార్యను కాస్త చూడమంటాడు. ఆమె దగ్గర ప్రవేశ పత్రం ఉండదు. ముద్ర ఆటగాడి చేతిలో ఉంది. కిటికీకి అవతల ఉన్నవారి ముందు అతను సర్వాధికారి, పైవారి ముందు చీమ. దయకు కూడా తన పిల్లాడి మందుల డబ్బుతో వెల కట్టాల్సిన స్థితి అతనిది.

అసోంలో 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర జాబితా తుది ప్రతిలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. కాగితంలో ఒక అక్షరం తేడా మనిషి బతుకును ఎలా తలకిందులు చేస్తుందో దక్షిణాసియాకు గేమ్ చెప్పనక్కర్లేదు. ముద్ర వేసే చేతిలో ఏం జరుగుతుందో మాత్రం ‘పేపర్స్, ప్లీజ్’ చెప్పినంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఇదే వరసలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది 2017లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ‘బరీ మీ, మై లవ్’. సిరియా నుంచి యూరప్‌కు బయల్దేరిన నూర్‌కు, అక్కడే ఉండిపోయిన భర్త మజ్ద్‌కు మధ్య ఫోన్ మెసేజ్‌లే ఈ గేమ్. ఆటగాడు మజ్ద్. ఏ దారిన వెళ్లాలో, ఎవర్ని నమ్మాలో సలహా ఇవ్వవచ్చు. నూర్ వినవచ్చు, వినకపోవచ్చు. దారిలో ఉన్నది ఆమె, ప్రాణం పోతే ఆమెది. కొన్నిసార్లు గంటల తరబడి జవాబు రాదు. 19 ముగింపులున్న ఈ గేమ్‌లో ఆటగాడికి ఉన్న అధికారం ఒక భర్తకు దూరం నుంచి ఉండే అధికారమంతే. గల్ఫ్‌కు వెళ్లినవారి నుంచి మెసేజ్ కోసం ఎదురుచూసే ఇళ్లు కరీంనగర్‌లోనూ, కడపలోనూ తక్కువేమీ లేవు. కథలో పాత్రకు స్వేచ్ఛ ఇస్తే ఆటగాడి అనుభవం చిన్నదవుతుందన్న వాదనకు ఈ గేమ్ మంచి జవాబు. నూర్ మాట వినకపోవడం వల్లే ఆమె మనిషిలా అనిపిస్తుంది, ఆమె కోసం భయమేస్తుంది.

మన దగ్గరి ప్రయత్నాలు

భారత్‌లో కథా గేమ్‌లు తక్కువే అయినా, వచ్చినవాటిలో కొన్ని ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్నాయి. కోల్‌కతాకు చెందిన కళాకారిణి లీనా కేజ్రీవాల్ అమ్మాయిల అక్రమ రవాణాపై చేస్తున్న ప్రచారంలో భాగంగా 2016లో ‘మిస్సింగ్: గేమ్ ఫర్ ఎ కాజ్’ వచ్చింది. ఆటగాడు అక్రమ రవాణాకు చిక్కి వ్యభిచార గృహంలో బందీ అయిన అమ్మాయిగా ఆడాలి. ఎంపికలు ఉంటాయి గానీ, ప్రతి ఎంపికా ఎవరో ముందే గీసిన గీతల మధ్యే. ‘పారిపోవచ్చు కదా, ఎందుకు పారిపోలేదు?’ అని బాధితులను అడిగేవారికి ఇలాంటి కథ ఒక జవాబు. తలుపు ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు.

2014లో భారత్‌కు చెందిన పైరోడాక్టిల్ అనే చిన్న బృందం తెచ్చిన ‘అన్‌రెస్ట్’ ప్రాచీన భారతాన్ని పోలిన ఊహా ప్రపంచంలో జరుగుతుంది. కరవులో ఉన్న రాజ్యం. ఆటగాడు మహావీరుడేమీ కాడు. ఒక్కో అధ్యాయంలో ఒక్కో మనిషిగా ఆడాలి. వారిలో తనకు ఇష్టం లేని పెళ్లి కుదిరిన తాన్యా అనే పల్లెటూరి అమ్మాయి ఉంటుంది. ఎదుటి పాత్రల మనోభావాన్ని ఈ గేమ్ ఒకే మెప్పు మీటర్‌తో కొలవదు. స్నేహం, గౌరవం, భయం అని విడివిడిగా చూస్తుంది. ఒక ఆలోచనగా ఇది చిన్నదే, కానీ విలువైనది. కులం, వర్గం, వయసు, లింగభేదం కలగలిసిన సమాజంలో తల ఊపినవాళ్లంతా ఇష్టపడి ఊపినట్టు కాదని మనకు తెలుసు. భయంతో వచ్చిన ‘సరే’నూ, ఇష్టంతో వచ్చిన ‘సరే’నూ ఒకే అంకెలో కలిపేసే గేమ్ మన సమాజం గురించి అబద్ధం చెప్పినట్టే.

టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో విడుదల చేసిన ‘వెంబా’ 1980లలో కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. 2024లో ఉత్తమ తొలి గేమ్‌గా బాఫ్టా అవార్డు అందుకుంది. తల్లిగా ఆటగాడు వంట చేస్తాడు, కొడుకు కవిన్‌తో మాట్లాడతాడు. ఏ జవాబు ఎంచుకున్నా కొడుకు భాషకూ ఇంటికీ కొంత దూరం జరుగుతూనే ఉంటాడు. దారులు చీలని చోట్లు రచయిత చేతగానితనంగా కనిపించవు ఇందులో. ఎదిగే పిల్లల జీవితం తల్లి మెనూలో ఉండదన్న నిజంగా కనిపిస్తాయి. డాలస్‌లోనో, సిడ్నీలోనో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఆ మౌనం పరిచితమే.

బొమ్మలకు హక్కులేమిటి?

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. గేమ్ పాత్రలు మనుషులు కావు. వాటికి నొప్పి లేదు, సమ్మతి లేదు. కథ అంటేనే ఎవరికీ హాని లేకుండా చెడును కూడా చేసి చూసే చోటు. క్రూరంగా ఆడినవాడు బయట క్రూరుడు అవుతాడని ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. పైగా, రోజంతా ఎవరో ఒకరి మాట వినాల్సి వచ్చే మనిషికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, రాత్రి ఒక గంట తన మాటే చెల్లే లోకం దొరికితే తప్పేమిటి?

ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. పాత్రలను కాపాడమని చట్టాలు కోరడం హాస్యాస్పదం అవుతుంది. చెడ్డ ఎంపికలను తీసేస్తే మంచి ఎంపికలకూ అర్థం పోతుంది. ఆస్టేరియన్‌ను బలవంతపెట్టే వీలు లేకపోతే, అతని మాటను గౌరవించడంలో ఆటగాడి గొప్ప ఏమీ మిగలదు.

కాబట్టి ఏ ఎంపిక ఉండాలన్న దానికన్నా, ఆ ఎంపిక తర్వాత కథ నిజం చెబుతోందా అన్నది ముఖ్యం. బలవంతపెట్టిన తర్వాత కూడా ఎదుటి పాత్ర అదే చిరునవ్వుతో, అదే మెప్పు అంకెతో కనిపిస్తే, గేమ్ బలవంతానికి ఫలితం లేదని చెప్పినట్టు. నవలకూ సినిమాకూ మనం పెట్టే పరీక్షే ఇది. గేమ్‌కు మాత్రం మినహాయింపు ఎందుకివ్వాలి?

గొంతు వెనుక మనిషి

ఈ చర్చ తెర లోపలే ఆగిపోవడం లేదు. పాత్రకు సమ్మతి లేదు సరే, దానికి గొంతు, ముఖం, నడక ఇచ్చిన నటుడికి ఉంది కదా. అమెరికాలో నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా 2024 జులై 26న వీడియో గేమ్ సంస్థలపై సమ్మెకు దిగింది. ప్రధాన వివాదం కృత్రిమ మేధ. ఒకసారి రికార్డు చేసిన గొంతును, కదలికలను సరైన అనుమతి, చెల్లింపు లేకుండా కొత్త మాటలకు వాడుకోకుండా రక్షణ కావాలని నటులు పట్టుబట్టారు. దాదాపు పదకొండు నెలల తర్వాత, 2025 జూన్‌లో సమ్మెను నిలిపివేశారు. జులైలో సభ్యులు కొత్త ఒప్పందాన్ని ఆమోదించారు. డిజిటల్ ప్రతిరూపాలకు సమ్మతి తప్పనిసరి అన్నది అందులో కీలకం.

మరోవైపు, 2024 మార్చిలో యూబీసాఫ్ట్ వంటి పెద్ద సంస్థ కృత్రిమ మేధతో అప్పటికప్పుడు మాట్లాడే పాత్రల నమూనాలను ప్రదర్శించింది. ముందుగా రాసిన మెనూ లేకుండా ఆటగాడు ఏమైనా అడగవచ్చు. ఈ సాంకేతికత ముందున్న పరీక్ష కూడా అదే. ఆటగాణ్ని ఎక్కువసేపు ఉంచడమే వ్యాపారమైనప్పుడు, ఎప్పుడూ కోప్పడని, ఎన్నడూ వదిలి వెళ్లని, అన్నిటికీ సరేననే పాత్రను తయారు చేయడమే లాభసాటి. ‘నేను నీతో రాను’ అనే పాత్రకు రచయిత కావాలి. ఆ రచయితకు జీతం ఇచ్చే సంస్థ కావాలి.

భారత్ ఏ కథలు రాస్తుంది?

కేంద్ర ప్రభుత్వం యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగం కోసం 2022 బడ్జెట్‌లోనే టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. ముంబయిలో జాతీయ స్థాయి సంస్థకు 2024 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదం తెలిపింది. తెలంగాణ 2016లోనే ‘ఇమేజ్’ పేరుతో ఇదే రంగానికి విధానం తెచ్చింది. హైదరాబాద్ స్టూడియోలు చాలా ఏళ్లుగా విదేశీ గేమ్‌లకు బొమ్మలు, యానిమేషన్ చేసిపెడుతున్నాయి. ఇప్పుడు సొంత కథలు రాయాలని అందరూ అంటున్నారు.

సొంత కథ అనగానే అందరి చూపూ పురాణాల మీదికి పోతుంది. అందులో తప్పులేదు. ఏ పాత్ర చేతికి బటన్ ఇస్తారు, ఏ పాత్రను మెనూలో వస్తువుగా ఉంచుతారు అన్నదే తేడా చేస్తుంది. విధానాల్లో గ్రాఫిక్స్ శిక్షణకు, సర్వర్లకు, రాయితీలకు చోటుంది. రచయితలకు, అదీ తెలుగులో, కన్నడంలో, సంతాలీలో కథ కట్టగలిగినవారికి, ఇచ్చే చోటు చాలా తక్కువ. రచన ఖర్చును తగ్గిస్తే ముందుగా కోతపడేది ఎదురుచెప్పే పాత్రలకే. ప్రతి ‘కాదు’కూ ఒక కొత్త దారి రాయాలి కాబట్టి.

ఆటకూ అధికారానికీ ముడిపడిన అతి పాత ప్రశ్న మన పురాణాల్లోనే ఉంది. జూదంలో తనను ఓడిపోయారని చెప్పి సభకు రమ్మన్నప్పుడు, ద్రౌపది కదలకుండా ఒక ప్రశ్న పంపింది. తనను తాను ముందే ఓడిపోయిన మనిషికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని. పాచికలు ఆమె చేతిలో లేవు. ఆట నియమాలు ఆమె రాసినవి కావు. ఉన్నదల్లా ప్రశ్న ఒక్కటే. కురువృద్ధులతో నిండిన సభ దానికి సూటిగా జవాబు చెప్పలేకపోయింది.

పందేలను ఏం చేయాలో పార్లమెంటు 2025లో తేల్చింది. పందెంలో పెట్టిన మనిషి మాటేమిటన్నది చట్టం తేల్చగలిగేది కాదు. దానికి జవాబు గేమ్‌లు రాసేవారు, వారికి డబ్బు పెట్టేవారు, వాటిని ఆడేవారు ఒక్కో సన్నివేశంలో చెప్పుకోవలసిందే.